ఏడు బారలు

తాడు నా చేతిలో ఉండేది.
చివర సీసపు గుండు, గుండు అడుగున గుంట,
గుంట నిండా పశువుల కొవ్వు.
ముంచి తీస్తే సముద్రం తన అడుగును
పిసరంత అంటించి పంపేది:
ఇసుక, గవ్వ పెంకు, నల్ల బురద,
ఒకసారి ఎవరిదో పింగాణీ గిన్నె అంచు.
హెస్కెత్ దొర దాన్ని గోటితో గీకి చూసి
చీమ కాళ్లంత అక్షరాల్లో రాసుకునేవాడు.
ఎండకు అతని ముక్కు ఉల్లిపొరలా ఊడేది.
చెడ్డవాడు కాదు. నాకు చలిజ్వరమొస్తే
తన సీసాలో చేదు మందు సగం నాకే పోశాడు.

"ఎంత?" అనేవాడు.
తడిసిన తాడును చేతులు చాచి కొలిచి అరిచేవాణ్ణి:
తొమ్మిది! పదకొండు! అడుగు అందలేదు!
బార అంటే మనిషి రెండు చేతులూ చాచినంత.
సముద్రాన్ని కౌగిళ్లతో కొలవడం
దొరలకూ మా బజావులకూ ఒకటేనని
ఆ యేడే తెలిసింది.

లబువాన్ కొండ కడుపులో బొగ్గు పడిందట.
పొగ ఓడలకు ఆకలెక్కువ,
సింగపూరు నుంచి హాంకాంగు దాకా మేస్తూ పోవాలి.
మేతకు దారి కావాలి, దారికి కాగితం కావాలి,
కాగితానికి నేను కావాలి.
రోజుకు రెండు దోసిళ్ల బియ్యం,
వారానికో పొగాకు కట్ట.

ముందు వారం నేను చూపిన దిబ్బ మీద
ఇనుప గుంజ పాతారు, ఎర్ర గుడ్డ కట్టారు.
చేపలు లేచిపోయాయి. పడవలు కట్టొద్దన్నారు.
అది మనసులో ముల్లులా ఉండగానే
తాకాట్ ఇనా దగ్గరికొచ్చాం.
పోటు మీదుంది నీరు, పైకి ఏమీ తెలీదు.
కింద, తెడ్డు మునిగేంత లోతులో, పగడపు దిబ్బ.
అమ్మ నన్ను పడవలో కని
మావిని కొబ్బరి చిప్పలో పెట్టి
దింపింది అక్కడే.

గుండు టక్కుమంది,
నా అరచేతికి మాత్రమే వినపడేంత.
"ఎంత?"
"ఏడు," అన్నాను.
కొవ్వు చూపించమన్నాడు.
రాయి ఏమీ అంటించదు, గాటు పెడుతుందంతే.
తిప్పి ఇచ్చేలోగా
బొటనవేలితో ఆ గాటును నున్నగా రుద్దేశాను.

ఓడల సంగతి తట్టలేదు.
ఇరవై ఏళ్లకు అమ్మ తట్టింది, అంతే.

కాగితం అచ్చయింది. రెండో యేడు
రాత్రి పూట, నిప్పు మింగిన ఏనుగులా
ఒక ఓడ ఆ ఏడు బారల మీదికే వస్తోంది.
పొయ్యి దగ్గర బొగ్గు ఎగదోసే వాళ్లలో
మా మేనత్త కొడుకు లమాట్ ఉన్నాడు.
ఎలా చేరానో తెలీదు దిబ్బ మీదికి.
గుగ్గిలం కాగడా వెలిగించి
గొంతు పగిలేలా అరిచాను.
ఓడ పక్కకు ఒరిగి పోయింది,
పైనుంచి ఎవడో నా మీదికి
వేడి బొగ్గు చిట్టెం విసిరాడు.
భుజం మీద మచ్చ చూడు.

ఆ తర్వాత పోటు రాత్రుళ్లన్నీ అక్కడే.
దొరకు చెప్పేస్తే పోయేది కదా, అంటావు.
దొర అప్పటికే జ్వరంతో పోయాడు.
వేరే వాళ్లకు చెప్పాలంటే
ముందు అబద్ధం చెప్పానని చెప్పాలి.

పందొమ్మిదేళ్లకు కొత్త కాగితం వచ్చింది.
రేవు గుమాస్తా చదివి వినిపించాడు:
ఏడు అలాగే ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో,
"బెస్త దీపం, చాలా రాత్రుళ్లు."
నవ్వాను. తర్వాత పడవలో కూచుని
చాలాసేపు నవ్వలేదు.

ఇప్పుడు గని నీళ్లతో నిండి మూతబడింది.
ఓడలు వేరే మేతకు పోయాయి.
ఈ దారిన నెలకొకటి వస్తే గొప్ప.
మా సలంగై అడుగుతుంది,
ఇంకా ఎవడి కోసం, గుగ్గిలం ధర తెలుసా నీకు?
ఏం చెప్పను. చుక్కాని పట్టుకోమంటాను.
పట్టుకుంటుంది, తిడుతూనే.